టిచ్ అనే చిన్న నమూనా ఆవిరి రైలింజన్ బాయిలర్‌లో స్టేల (రేకులను పట్టి ఉంచే కడ్డీల) దగ్గర నీళ్లు చెమరుస్తున్నాయి, ఏం చేయాలి?

నేను ఇంగ్లండ్‌లోని డెర్బీలో ఉంటాను. పోయినేడాది పాత టిచ్ ఇంజిన్ ఒకటి కొన్నాను. పట్టాల మధ్య దూరం మూడున్నర అంగుళాలు, నాలుగు చక్రాలు, రాగి బాయిలర్, బొగ్గుతోనే నడుస్తుంది. మా నాన్న కాజీపేట రైలింజన్ల షెడ్‌లో ఫిట్టర్‌గా చేశారు. వేసవిలో ఇక్కడికి వస్తున్నారు. ఆయన ముందు దీన్ని ఆవిరి మీద నడపాలని నా కోరిక.

చక్రాలు, సిలిండర్లు బాగానే కుదిరాయి. ఇబ్బందంతా బాయిలర్‌తోనే. పని ఒత్తిడి 80 పీఎస్ఐ (చదరపు అంగుళానికి 80 పౌండ్లు). దానికి ఒకటిన్నర రెట్లు, అంటే 120 వరకు చేతిపంపుతో చల్లటి నీళ్లు ఎక్కించి పరీక్షిద్దామని మొదలుపెట్టాను. 90 దాటగానే ఫైర్‌బాక్స్ (బొగ్గు మండే గది) లోపల మూడు స్టేల నట్ల చుట్టూ చెమ్మ కనిపించింది. కారడం కాదు, సన్నగా చెమర్చడం. పావుగంటలో ఒత్తిడి గేజ్ ముల్లు 10 పడిపోయింది. రేకు మాత్రం ఎక్కడా ఉబ్బలేదు.

పాత పద్ధతిలో స్టేలకు నట్లు బిగించి, పైన సీసం టంకం పోశారు. దాని మీద వెండి టంకం వేస్తే సీసం కలిసి అతుకు పాడవుతుందని తెలిసి బర్నర్ ముట్టించలేదు. 296 డిగ్రీల దగ్గర కరిగే కామ్‌సోల్ అనే టంకంతో మళ్లీ మూయొచ్చా? 80 పీఎస్ఐ దగ్గర ఆవిరి వేడి సుమారు 162 డిగ్రీలే కాబట్టి, నీళ్లు ఉన్నంతవరకు ఆ టంకం కరగకుండా నిలవాలి. కానీ నీళ్లు తగ్గి ఫైర్‌బాక్స్ పై రేకు బయటపడితే అది కరిగిపోదా? లేక ఆ మూడు స్టేలూ డ్రిల్ చేసి తీసేసి కొత్తవి వేయాలా? పాత టంకాన్ని పూర్తిగా వదిలించే పద్ధతి ఏమైనా ఉందా?

ఈ పని స్వయంగా చేసినవాళ్లు దయచేసి చెప్పండి. బాయిలర్ ఇన్‌స్పెక్టర్‌కు చూపించకుండా నిప్పు మాత్రం వేయను.