తమిళుల సంవత్సరాది చిత్తిరైలోనా, తైలోనా?

అంబత్తూర్ అద్దెకొంప: ఏటా ఏప్రిల్‌లో మా ఆఫీసు గ్రూపులో ఇదే గొడవ. ఒకరు "పుత్తాండు వాళ్తుక్కళ్" (కొత్త సంవత్సర శుభాకాంక్షలు) అని పెడతారు, ఇంకొకరు "మా సంవత్సరాది జనవరిలోనే అయిపోయింది" అంటారు. 2008లో కరుణానిధి ప్రభుత్వం తై 1, అంటే పొంగల్ రోజే, సంవత్సరాది అని చట్టం చేసింది. 2011లో జయలలిత దాన్ని రద్దు చేసి మళ్లీ చిత్తిరై 1కి, అంటే ఏప్రిల్ మధ్యకి, తెచ్చారు. మీరేమంటారు?

కావేరి గట్టు: నా ఓటు తైకే. మా అత్తగారిది తంజావూరు దగ్గర పల్లె. సాంబా వరి ఇంటికొచ్చే రోజులవి. కొత్త కుండ మెడకు పచ్చి పసుపుకొమ్ము ఆకులతో సహా కడతారు, పాలు పొంగగానే ఇంటిల్లిపాదీ "పొంగలో పొంగల్" అని కేక. తై పుడితే దారి పుడుతుందని వాళ్ల సామెత. ఏప్రిల్‌లో ఏముంది, ఎండలు తప్ప? పైగా ప్రభవ, విభవ అంటూ ఆ అరవై పేర్లూ సంస్కృతం. అవి నారదుడి అరవై మంది కొడుకుల పేర్లన్న కథను ద్రావిడ ఉద్యమం వాళ్లు ఊరికే ఎద్దేవా చేయలేదు.

మైలాపూర్ కోడలు: కావేరి గట్టు గారూ, ఆ లెక్కన మన ఉగాదినీ అటకెక్కించాలి, మనవీ అవే అరవై! 2025 మార్చి 30న మనకొచ్చిన విశ్వావసు నామ సంవత్సరమే ఏప్రిల్ 14న వాళ్లకూ వచ్చింది. మనది చాంద్రమానం, వాళ్లది సూర్యుడు మేషంలోకి వచ్చే లెక్క, అంతే తేడా. మనకూ సంక్రాంతికి కొత్త బియ్యం వస్తుంది, దాన్ని ఎవరైనా ఉగాది అంటారా?

మా ఇంట్లో జరిగేది చెప్తాను. ముందురోజు రాత్రే మా అత్తయ్య పళ్లెంలో మామిడి, అరటి, పనస, తమలపాకులు, ఒక నగ, చిల్లర పెట్టి వెనక అద్దం నిలబెడతారు. పొద్దున లేవగానే మొదట అదే చూడాలి, కని అంటారు. ఆ తర్వాత మాంగా పచ్చడి. మనలా పచ్చిగా కలపరు. పుల్లమామిడి ముక్కలు బెల్లంలో ఉడికించి, నేతిలో వేయించిన వేపపువ్వు చల్లుతారు. కొత్తలో నేను "ఇదేం ఉగాది పచ్చడి, జామ్‌లా ఉంది" అన్నందుకు ఆవిడ రెండ్రోజులు ముభావంగా ఉన్నారు. నేను కాపురానికొచ్చింది 2006లో. ఆ చట్టం ఉన్నన్నాళ్లూ కూడా పళ్లెం ఏప్రిల్‌లోనే పెట్టారు.

కావేరి గట్టు: మైలాపూర్ ఇల్లు తమిళనాడంతా కాదండీ. మా అత్తగారింట్లో ఏ పళ్లెమూ లేదు.

హోసూరు మాస్టారు: ఎండలు తప్ప ఏముంది అన్నారు కదా, దక్షిణ జిల్లాల్లో చిత్తిరై 1నే పొన్నేర్ కడతారు. మన ఏరువాక లాంటిదే, ఏడాదిలో మొదటి దుక్కి. కాబట్టి రైతు ఒక్క తై వైపే ఉన్నాడనడం కుదరదు. ఇక ప్రాచీన తమిళ సంగం సాహిత్యంలోని నెడునల్వాడై అనే కావ్యంలో సూర్యుడి నడక మేషంతో మొదలవుతుందని ఉంది. చిత్తిరై వాళ్లు దీన్నే పట్టుకుంటారు. కానీ అది రాశుల వరస, అందులో సంవత్సరాది పండగ మాటే లేదు. నేను చిత్తిరై వైపే, అయినా ఆ ఆధారం మాత్రం వాడను.

అంబత్తూర్ అద్దెకొంప: కోడలు గారూ, ఆ పచ్చడిలో కారం వేయరా?

మైలాపూర్ కోడలు: తాలింపులో ఒక్క ఎండుమిర్చి. రెండు వేశానంటే మళ్లీ రెండ్రోజులు.