చర్చ: ఎక్కువమంది మేలు కోసం కొందరి ఊళ్లు తీసుకోవడం న్యాయమేనా?

సిరిపురం వాసి:
విశాఖ ఉక్కు కర్మాగారం కోసం అరవైకి పైగా గ్రామాలు ఖాళీ అయ్యాయి. దాని వల్ల నగరం ఎంత పెరిగిందో అందరికీ తెలుసు. కాబట్టి లెక్క తేలిపోయిందని, అది సరైన పనేనని చాలామంది అంటారు. నా అభ్యంతరం ఆ లెక్క మీదే. ఒక మనిషి ఈరోజు పస్తుండి రేపటికి దాచుకుంటే కష్టమూ సుఖమూ రెండూ అతనివే. ఒకరి పొలం పోయి మరొకరికి జీతం వస్తే మాత్రం ఆ రెండూ ఒకే ఖాతాలో పడవు. మొత్తం మీద ఎక్కువ మేలు చేసేదే సరైన పని అనే ఉపయోగితావాదం, మనుషులు వేరువేరన్న సంగతిని పట్టించుకోదని అమెరికన్ తత్వవేత్త జాన్ రాల్స్ 1971లో రాసింది ఇందుకే. ఇక్కడ కర్మాగారానికి శంకుస్థాపన జరిగిందీ ఆ ఏడాదే.

గాజువాక వాసి:
సిరిపురం గారూ, మీ విమర్శ తగిలేది తప్పుడు లెక్కకు, ఉపయోగితావాదానికి కాదు. ప్రతి ఒక్కరూ ఒకరిగానే లెక్క, ఎవరూ ఒకరికి మించి కాదన్నది ఆ వాదానికి పునాది వేసిన బెంథామ్ సూత్రమని, అదే వాదానికి చెందిన తత్వవేత్త మిల్ చెప్పాడు. ఎకరమే ఆధారమైన రైతుకు ఆ ఎకరం పోతే కలిగే బాధ, నెల జీతం ఉన్నవాడికి మరో వెయ్యి వస్తే కలిగే సంతోషం కన్నా ఎన్నో రెట్లు పెద్దది. దాన్ని సరిగ్గా లెక్కించి ఉంటే పరిహారం అంత తక్కువగా ఉండేది కాదు. కర్మాగారంలో ఉద్యోగం కోసం భూమి పోయిన కుటుంబాలకు ఇచ్చిన ఆర్-కార్డు చేతిలో ఉన్నా ఉద్యోగం రాని నిర్వాసితులూ ఉండేవారు కాదు. పైగా, లెక్కే వద్దంటే మిగిలేది ఏమిటి? ఎవరి గొంతు పెద్దదైతే వారి మాటే చెల్లుతుంది. 1789 నాటి పుస్తకంలోనే బెంథామ్ జంతువుల బాధను కూడా లెక్కలోకి తెచ్చాడు. ఎవరికీ పట్టనివారిని పట్టించుకున్న సిద్ధాంతం ఇది.

పెదవాల్తేరు వాసి:
ఒక్కో పనిని విడిగా కాకుండా నియమాన్ని తూచాలనే ఉపయోగితావాదులూ ఉన్నారు. నిర్వాసితులకు ఇచ్చిన మాట తప్పడం నియమమైతే రేపు ఎవరూ భూమి ఇవ్వరు, అందరికీ నష్టం. అభ్యంతరం అక్కడితో తీరిపోదా?

సిరిపురం వాసి:
తీరదండీ. మాట తప్పడం తప్పని మీరూ అంటున్నారు, కాని కారణం వేరేచోట వెతుకుతున్నారు. ఇక మీదట ఎవరి భూమీ అవసరం లేదనుకుందాం. అప్పుడు ఆ కుటుంబానికి జరిగింది అన్యాయం కాకుండా పోతుందా? అన్యాయం జరిగింది వారికి, రేపటి భూసేకరణకు కాదు. మరో సంగతి. 1966లో ‘విశాఖ ఉక్కు, ఆంధ్రుల హక్కు’ అంటూ ఉద్యమంలోకి దిగినవారు తమంతట తాము దిగారు. వారిలో 32 మంది ప్రాణాలు పోయాయి. ఊళ్లు వదిలినవారిని మాత్రం ఎవరూ అడగలేదు. ఇష్టపడి భరించిన కష్టమూ నెత్తిన పడ్డ కష్టమూ మొత్తంలో కలిపేస్తే ఒకేలా కనిపిస్తాయి. నాకు అవి ఒకటి కావు.

గాజువాక వాసి:
ప్రతి ఒక్కరి అంగీకారం కావాలంటే ఆసుపత్రికి రోడ్డు వేయడానికి కూడా ఒక్క భూస్వామి అడ్డుపడగలడు. అందుకే 2013 భూసేకరణ చట్టం ప్రైవేటు కంపెనీల కోసం తీసుకునే భూమికి 80 శాతం మంది, ప్రభుత్వ-ప్రైవేటు భాగస్వామ్యానికి 70 శాతం మంది అంగీకారం చాలంది. నూటికి నూరు అడగలేదు. చివరికి మనం నిలబడేది లెక్క దగ్గరే కదా.

సిరిపురం వాసి:
నిర్ణయానికి లెక్క కావాలి, అది కాదనను. ఆ 80 శాతం భూమి తీసుకోవడానికి దారి ఇస్తుంది, అంతే. మిగిలిన 20 శాతం మందికి మనం పడ్డ బాకీని అది కొట్టివేయదు. మొత్తం మీద లాభం తేలింది కాబట్టి ఇక ఎవరికీ ఏమీ బాకీ లేమనడమే నేను ఒప్పుకోలేనిది.

గాజువాక వాసి:
ఆ బాకీని నేనూ కాదనడం లేదు. అయితే అది ఎంత, ఎవరు తీర్చాలి, కొడుకు తర్వాత మనవడికీ చెందుతుందా? ఈ మూడింటికీ లెక్క లేకుండా మీరు జవాబు ఎలా చెబుతారో రాయండి.