ఓపెన్‌బాక్స్ మెనూ: నాన్నగారికి ఐదే వరుసలు, అందులో మొదటిదే మొండికేసింది

గళ్ళచొక్కా:
మా నాన్నగారు రిటైర్డ్ లెక్కల మాస్టారు, వయసు 78. 2 జీబీ ర్యామ్ ఉన్న పాత ల్యాప్‌టాప్‌లో డెబియన్ 12 (లినక్స్) వేసి, పైన ఓపెన్‌బాక్స్ (కిటికీలు, మెనూ చూసుకునే తేలికపాటి విండో మేనేజర్) ఒక్కటే పెట్టిచ్చాను. మొదటిరోజు మౌస్ కుడి మీట నొక్కి ఆ మెనూ చూసి "ఇదేమన్నా హోటల్లో టిఫిన్ల బోర్డుట్రా?" అన్నారు. అన్నీ తీసేసి ఐదే ఉంచాను, అన్నీ తెలుగులో: రాసుకోవాలి, పేపర్ చదవాలి, పాటలు, ఫొటోలు, ఆపెయ్యి.

నాలుగు బాగానే ఉన్నాయి. "రాసుకోవాలి" నొక్కగానే కీబోర్డు తెలుగు ఇన్‌స్క్రిప్ట్‌కి మారి మౌస్‌ప్యాడ్ (రాసుకునే ఎడిటర్) తెరుచుకోవాలని నా ఆశ. మెనూ ఫైల్లో సెట్‌ఎక్స్‌కేబీమ్యాప్ ఇన్ టెల్ (కీబోర్డు మార్చే కమాండ్) అని రాసి, && పెట్టి, మౌస్‌ప్యాడ్ అన్నాను. ఓపెన్‌బాక్స్‌ని రీకన్ఫిగర్ చేయగానే (సెట్టింగులు మళ్ళీ చదివించగానే) ఎక్స్‌ఎమ్‌ఎల్ (మెనూ ఫైలు రాసే పద్ధతి) తప్పుందని డబ్బా వచ్చింది. ఎక్కడో చదివి ఒక్కో & బదులు యాంపర్‌సాండ్, ఏ, ఎమ్, పీ, సెమీకోలన్ అని మార్చాను. డబ్బా పోయింది. మౌస్‌ప్యాడ్ మాత్రం రాదు. అదే కమాండ్ టెర్మినల్లో కొడితే చక్కగా వస్తోంది! రెండు రాత్రుల నుంచి దీని మీదే ఉన్నాను.

(ఫోన్లోంచి తెలుగు కీబోర్డుతో రాస్తున్నా. కమాండ్లు కూడా పలికినట్టే రాశాను, ఏమీ అనుకోకండి.)

సున్నాబైట్లు:
మీరు సగం దారి వచ్చేశారండీ. ఎక్స్‌ఎమ్‌ఎల్ గొడవ తీరింది, ఇప్పుడున్నది వేరే గొడవ. టెర్మినల్లో && అంటే 'మొదటిది సరిగ్గా అయ్యాక రెండోది నడుపు' అని తెలిసింది షెల్‌కి, అంటే మనం కొట్టిన కమాండ్లు చదివి నడిపేదానికి. ఓపెన్‌బాక్స్ ఎగ్జిక్యూట్ చేసేటప్పుడు మధ్యలో షెల్ ఉండదు. మీరు రాసిన మొదటి మాటని ప్రోగ్రామ్‌గా తీసుకుని, మిగతావన్నీ దానికే అప్పగిస్తుంది. అంటే పాపం సెట్‌ఎక్స్‌కేబీమ్యాప్ చేతిలో &&, మౌస్‌ప్యాడ్ రెండూ పడ్డాయి. వాటితో అదేం చేసుకుంటుంది? ఒక కమాండ్ ఫలితాన్ని ఇంకోదానికి అందించే పైప్ గుర్తు పెట్టినా ఇంతే.

ఎస్‌హెచ్ హైఫన్ సీ (షెల్‌ని పిలిచే కమాండ్) అని రాసి, మొత్తం కమాండ్‌ని సింగిల్ కోట్స్‌లో పెడితే పని జరుగుతుంది. నేనైతే అలా చేయను. ఆర్నెల్ల తర్వాత ఆ వరుస చూస్తే నాకే అర్థం కాదు. హోమ్‌లో చిన్న స్క్రిప్ట్ ఫైలు పెట్టి, సీహెచ్‌మోడ్‌తో ఎగ్జిక్యూట్ అనుమతి ఇచ్చి, మెనూలో దాని పూర్తి దారి రాయండి. లోపల మూడే వరుసలు: కీబోర్డు తెలుగుకి మార్చడం, మౌస్‌ప్యాడ్, మళ్ళీ యూఎస్ లేఅవుట్. ఆ మూడోది మర్చిపోకండి, లేకపోతే రాసుకోవడం అయ్యాక బ్రౌజర్లో కూడా తెలుగే పడుతూ ఉంటుంది.

మంచుముక్క:
ఇంత తిప్పలెందుకు, ఓపెన్‌బాక్స్ బదులు ఐస్‌డబ్ల్యూఎం అనే విండో మేనేజర్ పెట్టుకోండి. మెనూ ఫైల్లో ఎక్స్‌ఎమ్‌ఎల్ లేదు, యాంగిల్ బ్రాకెట్లు లేవు. ప్రోగ్ అని రాసి, పేరు, ఐకాన్, కమాండ్. ఒక్క వరుసలో అయిపోతుంది.

గళ్ళచొక్కా:
మంచుముక్క గారూ, ఐస్‌డబ్ల్యూఎం కింద టాస్క్‌బార్ ఉంటుంది కదా. దాన్ని దాచొచ్చని తెలుసు, కానీ ఓపెన్‌బాక్స్‌లో దాచడానికే ఏమీ లేదు. ఖాళీ తెర, ఒక మెనూ. నాన్నగారికి అదే నచ్చింది.

సున్నాబైట్లు గారూ, స్క్రిప్ట్ పనిచేసింది! అయితే ఇంకో చిక్కు. నాన్నగారు కుడి మీట మర్చిపోయి ఎడమదే నొక్కుతున్నారు. ఆర్‌సీ డాట్ ఎక్స్‌ఎమ్‌ఎల్ అనే ఓపెన్‌బాక్స్ సెట్టింగుల ఫైల్లో రూట్ కాంటెక్స్ట్ (ఖాళీ తెర మీద క్లిక్కుల భాగం) కింద రైట్ బటన్ ముక్కని కాపీ చేసి లెఫ్ట్ అని మార్చాను. ఉలుకూ లేదు పలుకూ లేదు. ఇప్పుడు చూస్తే కుడి మీటకి కూడా వేరే మెనూ వస్తోంది.

సున్నాబైట్లు:
ఆటోస్టార్ట్ ఫైల్లో (లాగిన్ కాగానే నడిచేవాటి జాబితాలో) పీసీమ్యాన్‌ఎఫ్‌ఎమ్ అనే ఫైల్ మేనేజర్‌ని డెస్క్‌టాప్ మోడ్‌లో ఏమైనా పెట్టారా, వాల్‌పేపర్ కోసం? అది తెర మొత్తాన్ని కప్పేస్తుంది. మీ క్లిక్కులన్నీ దాని మీదే పడుతున్నాయి, ఓపెన్‌బాక్స్ దాకా రావడం లేదు.

గళ్ళచొక్కా:
అదే! మా అమ్మ ఫొటో వాల్‌పేపర్‌గా కావాలంటే నిన్ననే పెట్టాను. తీసేసి ఎఫ్‌ఈహెచ్ అనే చిన్న ఫొటో ప్రోగ్రామ్‌తో పెట్టాను, రెండు మీటలూ పలుకుతున్నాయి.

కళ్ళజోడు:
పెద్దాయన కాబట్టి అక్షరాలు కూడా పెంచండి. ఆర్‌సీ ఫైల్లోనే థీమ్ కింద మెనూఐటెమ్ అని ఫాంట్ ఉంటుంది, సైజు 16 చేయండి. తెలుగు బదులు డబ్బాలు కనిపిస్తే ఫాంట్స్ హైఫన్ తెలు ప్యాకేజీ వేసుకోవాలి. ఇంకోటి, పేర్లలో అండర్‌స్కోర్ పెట్టకండి. ఓపెన్‌బాక్స్ దాన్ని చూపించదు, తర్వాతి అక్షరాన్ని షార్ట్‌కట్‌గా తీసుకుంటుంది. నిజంగా కావాలంటే రెండుసార్లు కొట్టాలి.

గళ్ళచొక్కా:
16 సరిపోలేదండీ, 20 చేశాను. ఇవాళ పొద్దున నాన్నగారు తనంతట తానే పాల లెక్క రాసి మూసేశారు. తర్వాత నన్ను పిలిచి ఆఖరి వరుస చూపించి "ఆపెయ్యి ఏమిట్రా, ఎవర్ని గదమాయిస్తున్నావు?" అన్నారు. దాన్ని "ఇక చాలు" అని మార్చి మళ్ళీ రీకన్ఫిగర్ చేశాను.