క్రెష్‌లో మాక్ డ్రిల్: ఎంత చేసినా టైము తగ్గట్లేదు

క్రెష్ అక్క: మంటలొస్తే పిల్లల్ని బయటికి తెచ్చే మాక్ డ్రిల్ పొద్దున్నుంచి మూడుసార్లు చేశాం. మొదటిసారి 9 నిమిషాలు, తర్వాత 8, మూడోసారి బెల్లుకే సగంమంది ఏడుపు లంకించుకున్నారు. దానికితోడు బయట లెక్కపెడితే ఒక బాబు తక్కువ. ప్రాణం గుప్పిట్లో పెట్టుకుని పైకి పరుగెత్తాను. తీరా చూస్తే మధ్యాహ్నమే వాళ్ళ తాతయ్య తీసుకెళ్ళారట, ఆయా అప్పుడు చెప్పింది! 3 నిమిషాల్లో అందరూ బయటికి రావాలంటే ఏం చేయాలండీ? టెన్షన్‌తో తల పగిలిపోతోంది.

నిప్పుకణిక: ముందు మీ మంటలార్పే సిలిండర్ చూశారా? గేజ్‌లో ముల్లు ఆకుపచ్చ గీతలో ఉండాలి. పిన్ను లాగి, మంట మొదలుకి గురిపెట్టి, నొక్కి, అటూ ఇటూ తిప్పాలని ఆయాలకు నేర్పారా? వంటగదిలో నూనె అంటుకుంటే నీళ్ళు పోయకూడదని ఎంతమందికి తెలుసు? నేను ఎక్కడికెళ్ళినా ముందు అదే చూస్తాను.

రెండుముక్కలు: "పైకి" అన్నారు. ఎన్నో అంతస్తు? నడవలేని పిల్లలెంతమంది?

క్రెష్ అక్క: రెండో అంతస్తు. చంటిపిల్లలు 7 మంది, నడిచేవాళ్ళు 11 మంది. మేం ముగ్గురం. చక్రాల తొట్టి ఉందిగా, అందరినీ అందులోనే పడుకోబెట్టి లిఫ్టులో దింపాం. అదే రెండు ట్రిప్పులైంది.

రెండుముక్కలు: మంటలప్పుడు లిఫ్ట్ ఎక్కకూడదు. తొట్టి మెట్లు దిగదు. ఒక్కొక్కరు ఒకరిని ఛాతీకి కట్టుకుని ఒకరిని ఎత్తుకున్నా 6 మందే. ఏడో బిడ్డ కోసం మళ్ళీ పొగలోకి వెళ్తారా? ఆ 11 మంది వరసగా పట్టుకుని నడిచే తాడు కొస ఎవరు పట్టుకుంటారు? చంటిపిల్లల గది కిందికి మార్చండి.

పదాలపిచ్చి: అసలు దీన్ని మాక్ డ్రిల్ అనకండి. ఇది తరలింపు డ్రిల్.

ఇద్దరు పిల్లల అమ్మ: పేరులో ఏముంది సార్, ఆవిడ కంగారులో ఉంటే!

పదాలపిచ్చి: ఉందమ్మా. ఈదురుగాలి వస్తే పిల్లల్ని బయటికి తేకూడదు, కిటికీలకు దూరంగా లోపలి గదిలో ఉంచాలి. రెండింటికీ అదే బెల్ కొడితే ఆయా ఎటు పరుగెత్తాలి?

ఇద్దరు పిల్లల అమ్మ: సరే, అది నిజమే. అక్కా, మా పాప వెళ్ళే చోట తలుపు పక్కనే అట్ట మీద హాజరు పట్టీ వేలాడుతుంది. వచ్చిన టైమూ వెళ్ళిన టైమూ అక్కడే రాయాలి, అమ్మానాన్నల నంబర్లు కూడా దాని మీదే. బెల్ మోగితే అది కూడా బయటికి వస్తుంది. మీ తాతయ్యగారి గొడవ దాంతో తీరుతుంది.

నిప్పుకణిక: సిలిండర్ సంగతి ఎవరూ మాట్లాడట్లేదు.

క్రెష్ అక్క: కింద ఆఫీసు గది ఉంది, ఓనర్ని అడగాలి. ఒప్పుకుంటారో లేదో. థాంక్సండీ అందరికీ. ఇంకోటి, పిల్లలు నిద్రపోయే టైములో కూడా డ్రిల్ పెట్టాలా?

నిప్పుకణిక: గేజ్ ఫోటో పెట్టండి మేడమ్.