అప్‌డేట్ తర్వాత తారుమారైన పని గంటల లెక్క: పాత వెర్షన్‌కు వెళ్లే మార్గం ఉందా?

నమస్కారం. నేను బెంగళూరు మారతహళ్లిలో ఉంటూ విదేశీ క్లయింట్లకు గంటల లెక్కన అకౌంట్స్ పని చేస్తున్నాను. ఎవరికి ఎంతసేపు పనిచేసినదీ ఆండ్రాయిడ్ ఫోన్‌లోని ఒక టైమ్ ట్రాకింగ్ యాప్‌లో నమోదు చేసుకుని, నెలాఖరున ఆ వివరాలను సీఎస్‌వీ ఫైలుగా (పట్టికలా తెరుచుకునే సాదా ఫైలు) దించుకొని, దాని ఆధారంగానే బిల్లులు పంపుతాను.

ఇటీవలి అప్‌డేట్‌తో ఈ పద్ధతి మొత్తం దెబ్బతింది. ఇంతకుముందు నోటిఫికేషన్‌లోనే మరో క్లయింటు పేరు నొక్కితే పాత టైమర్ ఆగి కొత్తది మొదలయ్యేది. ఇప్పుడు యాప్ తెరిచి, ఒకదాన్ని ఆపి, జాబితాలో వెతికి రెండోదాన్ని ప్రారంభించాలి. దీనికైతే అలవాటు పడగలను. అసలు చిక్కు సీఎస్‌వీతోనే. అందులో సమయాలు మన కాలమానంలో కాకుండా, దానికి 5 గంటల 30 నిమిషాలు వెనకుండే యూటీసీలో (ప్రపంచ ప్రామాణిక సమయంలో) వస్తున్నాయి. నా పని ఎక్కువగా అర్ధరాత్రి దాటాకే సాగుతుంది కనుక, 1వ తేదీ వేకువన 1 గంటకు మొదలుపెట్టిన పని ముందురోజు రాత్రి 7.30గా నమోదై, గత నెల బిల్లులోకి జారిపోతోంది. ఎక్సెల్ లాంటి లిబ్రేఆఫీస్ కాల్క్‌లో 5.30 గంటలు కలుపుదామంటే, తేదీకీ సమయానికీ మధ్య ‘టి’, చివర ‘జెడ్’ అనే ఇంగ్లీషు అక్షరాలున్న ఆ గడులను అది తేదీ, సమయంగా కాక మామూలు అక్షరాలుగానే తీసుకుంటోంది.

కొత్త వెర్షన్ మీద పాతదాన్ని వేయడానికి ఆండ్రాయిడ్ మామూలుగా ఒప్పుకోదు. యాప్ తీసేస్తే ఫోన్‌లోని రికార్డులు పోతాయి. క్లయింట్లు అడిగితే చూపడానికి నాకున్న ఆధారం అదొక్కటే.

రికార్డులు పోకుండా పాత వెర్షన్‌కు వెళ్లిన వారెవరైనా ఉన్నారా? లేదంటే, ఆ గడులను మన సమయంలోకి మార్చే ఫార్ములాను ఒక ఉదాహరణతో దయచేసి తెలపగలరా?