రెసిడెన్సీ అప్లికేషన్‌కి ట్విట్టర్ అకౌంట్ లేకపోతే కుదరదా?

కర్నూలు_హౌస్‌సర్జన్
హౌస్ సర్జన్సీ అయిపోవచ్చింది. అమెరికా లైసెన్స్ పరీక్షల్లో స్టెప్ 1 పాసయ్యాను, స్టెప్ 2 ఇంకో రెండు నెలల్లో. సెప్టెంబర్‌లో అక్కడ ఇంటర్నల్ మెడిసిన్ రెసిడెన్సీకి (మన పీజీ లాంటిదే) అప్లై చేద్దామనుకుంటున్నాను. మొన్న ఒక సీనియర్ ఫోన్ చేసి "ట్విట్టర్‌లో లేవా? అయితే అమెరికా వాళ్ళ లెక్కలో నువ్వు లేనట్టే" అన్నాడు. అప్పట్నుంచి ఒకటే టెన్షన్. నాకున్నది ఇన్‌స్టా ఒక్కటే, అదీ లాక్ చేసి ఉంది. అందులో కాలేజీ ఫెస్ట్ డాన్సులు, మా అక్క పెళ్ళి సంగీత్ తప్ప ఏమీ లేవు. ప్రోగ్రామ్ డైరెక్టర్లకి మెసేజ్‌లు పెడితే నిజంగా ఇంటర్వ్యూలు వస్తాయా?

ఒహాయో_పీజీవై3
రావు. పోయిన సీజన్‌లో మా ప్రోగ్రామ్ ట్విట్టర్ అకౌంట్ నా చేతిలోనే ఉండేది కాబట్టి చెప్తున్నా. సెప్టెంబర్ చివర్లో ఇన్‌బాక్స్ తెరిస్తే అన్నీ ఒకే అచ్చు: "డియర్ సర్, ఐ యామ్ ఎ హార్డ్‌వర్కింగ్ ఐఎంజీ" (అంటే అమెరికా బయట చదివిన డాక్టర్). ఒకాయన పక్క రాష్ట్రంలోని ప్రోగ్రామ్ పేరు మార్చడం మర్చిపోయి, వాళ్ళని పొగుడుతూ రాసింది మాకు పంపాడు. వాటిలో ఒక్కటీ డైరెక్టర్ దాకా పోలేదు. మేం చూసేది ఎరాస్‌లో, అంటే అప్లికేషన్లు వచ్చే ఆన్‌లైన్ సిస్టమ్‌లో: పాసై ఎన్నేళ్ళయింది, స్టెప్ 2 ఎంత, వీసా కావాలా, మాకు సిగ్నల్ ("మీ ప్రోగ్రామ్ మీద ప్రత్యేకంగా ఆసక్తి ఉంది" అన్న గుర్తు) పంపారా. ఇంటర్నల్ మెడిసిన్‌కి ఒక్కో అభ్యర్థికి 3 గోల్డ్ (అన్నిటికంటే ఇష్టమైనవాటికి), 12 సిల్వర్ సిగ్నళ్ళు ఇస్తారు. "మీ ప్రోగ్రామ్ అంటే ప్రాణం" అని నువ్వు మెసేజ్ పెట్టి, గోల్డ్ ఇంకొకరికి పంపితే ఏది నమ్మమంటావ్?

కిడ్నీ_పిచ్చి
అన్నా, ఇన్‌బాక్స్ సంగతి ఒప్పుకుంటా. కానీ నెట్‌వర్కింగ్ అంటే మెసేజ్‌లేనా? గుంటూరు మెడికల్ కాలేజీ వాళ్ళకి ఉత్తర అమెరికాలో పూర్వ విద్యార్థుల సంఘం ఉంది. మాది కొత్త కాలేజీ, అక్కడ మాకు దిక్కెవరూ లేరు. నేను ట్విట్టర్‌లో ఒక నెఫ్రాలజిస్ట్ (కిడ్నీ డాక్టర్) పెట్టే కేసుల కింద జవాబులు రాసేదాన్ని. ఒకసారి రక్తంలో సోడియం 118కి పడిపోయిన పేషెంట్ కేసు పెట్టారు. నేను ఎగిరి గంతేసి "ఎస్ఐఏడీహెచ్" (ఒంట్లో నీరు నిలిచిపోయి సోడియం పడిపోయే హార్మోన్ సమస్య) అని రాశా. "యూరిన్ ఆస్మొలాలిటీ 80 ఉంది, చూశావా?" అని ఆవిడ జవాబు. అంటే యూరిన్ బాగా పల్చగా ఉంది, ఎస్ఐఏడీహెచ్‌లో అలా ఉండదు. ఆ పేషెంట్ తిండి మానేసి బీరు మీద బతుకుతున్న మనిషి! సిగ్గుతో చచ్చాను కానీ, మర్నాడు ఇంకో డౌట్ అడిగా. ఎనిమిది నెలలకి ఆవిడే ఒక రివ్యూ పేపర్‌కి టేబుళ్ళు చేసిపెట్టమన్నారు. తర్వాత అబ్జర్వర్‌షిప్ (ఆస్పత్రిలో పక్కనుండి చూసి నేర్చుకోవడం), తర్వాత ఎల్ఓఆర్ (సిఫార్సు లేఖ). ఇప్పుడు ఇంటర్న్‌ని.

ఒహాయో_పీజీవై3
అంటే నీకు పనికొచ్చింది ఎల్ఓఆర్, ట్విట్టర్ కాదు.

కిడ్నీ_పిచ్చి
ఆ ఎల్ఓఆర్ ఆకాశం నుంచి ఊడిపడిందా అన్నా? 😀

పెన్సిల్వేనియా_అటెండింగ్
ఇద్దరూ సగం సగం చెప్తున్నారు. మా రోజుల్లో సీనియర్ల సోఫాల మీద పడుకుని, వాళ్ళ కారులోనే ఇంటర్వ్యూకి పోయేవాళ్ళం. ఎవరికి సీనియర్ ఉంటే వాళ్ళదే అదృష్టం. అదేమంత న్యాయం కాదు, కాబట్టి ఈ అమ్మాయి దారిని నేను తప్పుపట్టను.

నా కంప్లయింట్ వేరే. 2020లో కోవిడ్‌తో ఇంటర్వ్యూలు జూమ్‌లోకి వెళ్ళాయి, చాలాచోట్ల అక్కడే ఉండిపోయాయి. 2022 జనవరి 26 నుంచి స్టెప్ 1కి స్కోరు లేదు, పాస్ లేదా ఫెయిల్. పిల్లలు ఆస్పత్రి చూడరు, మేం పిల్లల్ని చూడం. ఆ ఖాళీలోకి ఇన్‌స్టా దూరింది. ప్రోగ్రాములూ పెళ్ళిచూపులకి ముస్తాబైనట్టే: రెసిడెంట్ల పిక్నిక్, పిజ్జా, ఎవరిదో కుక్కపిల్ల. నైట్ షిఫ్ట్‌లో ఒక్కరి నెత్తిన ఎన్ని అడ్మిషన్లు పడతాయో ఏ రీల్‌లోనూ ఉండదు.

ఇక మావాళ్ళు మీ అకౌంట్లు చూస్తే జరిగేది ఇంకా ఘోరం. 2020 జులైలో మెడ్‌బికినీ గొడవ గుర్తుందా? యువ వాస్క్యులర్ (రక్తనాళాల) సర్జన్ల సోషల్ మీడియాని దొంగ అకౌంట్లతో గాలించి, బికినీ ఫోటో, చేతిలో మందు గ్లాసు ఉంటే "అన్‌ప్రొఫెషనల్" లెక్కలో వేసి, జర్నల్ ఆఫ్ వాస్క్యులర్ సర్జరీలో పేపర్ వేశారు. మహిళా డాక్టర్లు బికినీ ఫోటోలే పోస్ట్ చేసి ఉతికేశాక, పేపర్ వెనక్కి తీసుకున్నారు. పేపర్ పోయింది, ఆ చూపు పోయిందనుకోను. సెలక్షన్ కమిటీలో నేనుంటే అభ్యర్థుల పేర్లు గూగుల్ చేయొద్దంటాను. ఇంటికెళ్ళి చేసేవాళ్ళని ఎలా ఆపను?

కర్నూలు_హౌస్‌సర్జన్
సర్, అయితే నా ఇన్‌స్టా లాక్‌లోనే ఉంచేస్తా.

జె1_బాధితుడు
ఉంచలేవు. 2025 జూన్ నుంచి ఎఫ్, ఎం (స్టూడెంట్), జె (ఎక్స్ఛేంజ్, రెసిడెంట్లు ఎక్కువగా వెళ్ళేది దీని మీదే) వీసాలకి అప్లై చేసేవాళ్ళు సోషల్ మీడియా అకౌంట్లన్నీ పబ్లిక్‌లో పెట్టాలని అమెరికా విదేశాంగ శాఖ చెప్పింది. డిసెంబర్‌లో హెచ్-1బీని కూడా అందులో చేర్చారు. గత ఐదేళ్ళలో వాడిన అకౌంట్ల పేర్లు వీసా ఫారం డీఎస్-160లో ఎలాగూ రాయాలి. నేను మ్యాచ్ అయిన (రెసిడెన్సీ సీటు దొరికిన) ఆనందంలో ఉండగా ఈ రూల్ వచ్చింది. సెకండియర్‌లో పెట్టిన సినిమా గొడవల పోస్టులన్నీ రాత్రంతా కూర్చుని నేనే మళ్ళీ చదువుకున్నా. హీరోల ఫ్యాన్ వార్స్ కాన్సులేట్‌కి ఏం అర్థమయ్యాయో దేవుడికే తెలియాలి.

టెలిగ్రామ్_దెబ్బతిన్నవాడు
ఒక మాట. "ప్రొఫైల్ బిల్డింగ్" అని టెలిగ్రామ్‌లో రీసెర్చ్ పేపర్లలో రచయితగా పేరు అమ్మేవాళ్ళున్నారు, దూరంగా ఉండు. డబ్బు కట్టాను. ఇంటర్వ్యూలో "ఇందులో నువ్వేం చేశావ్?" అని అడిగితే నోరు పెగల్లేదు.

ఒహాయో_పీజీవై3
సరే, కొంత తగ్గుతున్నా. ట్విట్టర్ వాడు, కానీ అడగడానికి కాదు, చూడటానికి. ప్రోగ్రామ్ పేజీలో కొత్త ఇంటర్న్‌ల ఫోటోలు పెడతారు కదా, మన కాలేజీల వాళ్ళు ఎంతమంది, జె-1 వాళ్ళున్నారా చూడు. 2025 సీజన్ నుంచి అప్లికేషన్ ఫీజు మొదటి 30 ప్రోగ్రాములకి తలా 11 డాలర్లు, ఆపైన తలా 30. అంటే వందకి 2,430 డాలర్లు. గుడ్డిగా వంద చోట్ల పెట్టి, అందులో సగం వీసా ఇవ్వనివని తర్వాత తెలిస్తే ఆ డబ్బు ఎవరిస్తారు? 2025 మ్యాచ్‌లో అమెరికా పౌరులు కాని ఐఎంజీల్లో సీటు దొరికింది 58 శాతానికే.

కర్నూలు_హౌస్‌సర్జన్
అక్కా, ఆ కేసులు ఎక్కడ పెడతారు?

కిడ్నీ_పిచ్చి
నెఫ్‌జేసీతో మొదలుపెట్టు. నెఫ్రాలజీ జర్నల్ క్లబ్, అంటే కలిసి ఆన్‌లైన్‌లో రీసెర్చ్ పేపర్లు చర్చించే గుంపు, 2014 నుంచి నడుస్తోంది. నేను చేరినప్పుడు అమెరికాలో మంగళవారం రాత్రి, మనకి బుధవారం పొద్దున రౌండ్స్‌కి ముందు. తప్పు రాయడానికి భయపడకు, కానీ యూరిన్ ఆస్మొలాలిటీ మాత్రం చూసి రాయి.

కర్నూలు_హౌస్‌సర్జన్
అకౌంట్ తెరిచాను. నలుగురు ఫాలోవర్లు, ముగ్గురు మా హాస్టల్ వాళ్ళే. అన్నా, మీ ఇన్‌బాక్స్‌కి మాత్రం ఏమీ పంపనులే.

ఒహాయో_పీజీవై3
పంపినా చదివేది నేను కాదు. ఆ పని ఈ ఏడాది ఇంటర్న్‌కి అంటగట్టేశా.