లగ్గం బరాత్‌లో డ్రోన్ పడి ఒకాయనకు కుట్లు పడ్డాయి, మా బామ్మర్దికి జైలు పడుతుందా?

చౌరస్తా బావ:
అన్నలూ, టెన్షన్‌లో రాస్తున్నా, అటూ ఇటూ ఉంటే ఏమనుకోవద్దు. మా బామ్మర్దికి హనుమకొండలో చిన్న ఫొటో స్టూడియో ఉంది. మొన్న రాత్రి ఒక బరాత్‌లో డ్రోన్ లేపాడు. డీజే బండి ముందు అందరూ ఎగురుతుంటే దగ్గర నుంచి తీద్దామని బాగా కిందికి దించాడట, గేటు మీద కట్టిన సీరియల్ బల్బుల దండకు రెక్క తగిలి గిర్రున తిరిగి వచ్చి పెళ్లికొడుకు బాబాయి మీద పడింది. కనుబొమ్మ మీద మూడు కుట్లు. ఇంకో అంగుళం కిందికైతే కన్నే పోయేది, తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది.

బందోబస్తుకు వచ్చిన పోలీసులు డ్రోన్, రిమోట్ తీసుకుపోయారు. తెల్లారి నోటీసు ఇచ్చారు. అనుమతి లేకుండా డ్రోన్ ఎగరేయొద్దని ఉత్తర్వు ఉంది, నీకు లైసెన్సు లేదు, మూడేళ్లు లోపలికి పోతావని అంటున్నారట. వీడేమో "249 గ్రాముల డ్రోన్ బావా, దానికి ఏ రూల్సూ ఉండవు" అని ఒకటే పాట. బిల్లు కూడా లేదు, పట్నంలో ఎవరి దగ్గరో కొన్నాడు. నిజంగా జైలు ఉంటదా? డ్రోన్ తిరిగొస్తదా?

నల్లకోటు:
ముందు ఆ మూడేళ్ల సంగతి. నిర్లక్ష్యంతో ఎదుటివాళ్ల ప్రాణం మీదికి తెస్తే భారతీయ న్యాయ సంహిత (పాత ఐపీసీ స్థానంలో వచ్చిన చట్టం) సెక్షన్ 125 వర్తిస్తుంది. ఎవరికీ ఏం కాకపోయినా 3 నెలల దాకా ఉంది. మామూలు దెబ్బైతే 6 నెలల దాకా జైలు లేదా 5 వేల జరిమానా లేదా రెండూ. మూడేళ్లు, 10 వేలు అనేది తీవ్ర గాయమైతేనే, అంటే చూపు పోవడం, ఎముక విరగడం, ముఖం శాశ్వతంగా పాడవడం, 15 రోజులు తన పని తాను చేసుకోలేకపోవడం లాంటివి. మూడు కుట్లు మామూలుగా అందులోకి రావు, కానీ అది తేల్చేది నువ్వూ నేనూ ఎస్సై కాదు, డాక్టర్ రాసే వూండ్ సర్టిఫికెట్. దాని కాపీ సంపాదించండి, కేసు మొత్తం ఆ కాగితం చుట్టే తిరుగుతుంది.

ఉత్తర్వు ధిక్కరించడం అంటే అదే సంహితలో సెక్షన్ 223. మామూలుగా 6 నెలలు, 2,500. ఎవరి ప్రాణానికైనా ముప్పు తెచ్చేలా ఉంటే ఏడాది, 5 వేలు. అయితే ఇందులో చాలామంది పట్టించుకోని మెలిక ఒకటుంది. 223 కింద కోర్టు కేసు తీసుకోవాలంటే ఆ ఉత్తర్వు ఇచ్చిన అధికారి గానీ ఆయన పై అధికారి గానీ ఆయన అధికారం ఇచ్చిన ఇంకో అధికారి గానీ రాతపూర్వకంగా ఫిర్యాదు చేయాలి, బీఎన్‌ఎస్‌ఎస్ (పాత సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన చట్టం) 215 చెప్పేది అదే. ఉత్తర్వు కాపీ అడగండి, ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా, ఏ ఏరియాకు అని చూడండి.

డ్రోన్ రూల్స్ 2021 తప్పితే జరిమానా లక్ష దాకా ఉంటుంది, అదీ మీ మాట విన్నాకే వేయాలి, వేసేది డీజీసీఏ (పౌర విమానయాన నియంత్రణ సంస్థ) లేదా ప్రభుత్వం అధికారం ఇచ్చిన ఆఫీసర్. కావాలని మనుషులకు ప్రమాదం కలిగేలా ఎగరేశాడని తేలితే మాత్రం విమాన చట్టమే మీదికొస్తుంది, రెండేళ్లు, కోటి రూపాయల దాకా. 1934 నాటి పాత చట్టం పోయి 2025 జనవరి 1 నుంచి భారతీయ వాయుయాన్ అధినియమ్ వచ్చింది. మీవాడిది పొరపాటు కాబట్టి అంత దూరం పోదనే నా అంచనా.

ఏడేళ్ల లోపు శిక్షలు కాబట్టి నోటీసు ఇచ్చారు, పాత సీఆర్‌పీసీ భాషలో 41ఏ నోటీసు. పిలిచినప్పుడల్లా వెళ్లాలి, తప్పించుకు తిరిగితేనే అరెస్టు చేస్తారు. బాబాయి రాజీకి వస్తే గాయం ముక్క లోక్ అదాలత్‌లో తెగిపోయే వీలుంది. డ్రోన్ కోసం కోర్టులో బీఎన్‌ఎస్‌ఎస్ 503 కింద పిటిషన్ వేయాలి, కానీ నాది అని చూపించడానికి బిల్లేది?

పెళ్లి కెమెరా:
నల్లకోటు సార్ చెప్పింది శిక్షల సంగతి, నేను 249 సంగతి చెప్తా, ఎందుకంటే మా ఫీల్డ్‌లో సగం మంది ఈ భ్రమలోనే ఉన్నారు. 250 గ్రాముల లోపు నానో అంటారు, దానికి పైలట్ సర్టిఫికెట్ అక్కర్లేదు, ఇన్సూరెన్స్ అక్కర్లేదు, ఇంతవరకు నిజమే. కానీ రెడ్ జోన్ (అనుమతి లేకుండా డ్రోన్ ఎగరేయకూడని ప్రాంతం) నానోకూ రెడ్ జోనే, పోలీసు ఉత్తర్వు నానోకూ ఉత్తర్వే. దెబ్బ తగిలిన మనిషి త్రాసు పట్టుకొని రాడు కదా. ఇంకొకటి, ఆ 249 మామూలు బ్యాటరీతో లెక్క. బరాత్‌లో చార్జింగ్ ఆగదని మనవాళ్లు పెద్ద బ్యాటరీ వేస్తారు, అప్పుడు 250 దాటి మైక్రో అయిపోతుంది. మైక్రోను సరదాకు ఎగరేస్తే సర్టిఫికెట్ వద్దు గానీ డబ్బులు తీసుకొని పెళ్లి తీస్తే కావాలి. నేను దానికోసమే ట్రైనింగ్ తీసుకున్నా, పది పాసై 18 నిండితే చాలు, సర్టిఫికెట్ పదేళ్లు పనిచేస్తుంది.

బిల్లు లేని సరుకంటే ఇంకో తలనొప్పి. 2022 ఫిబ్రవరి 9 నుంచి విదేశీ డ్రోన్ల దిగుమతి నిషేధం, ఆ తర్వాత ఎవరో బ్యాగులో వేసుకొచ్చింది కొంటే కోర్టులో ఏం చూపిస్తాడు? ఖిలా వరంగల్‌లో, వేయిస్తంభాల గుడి దగ్గర, రామప్పలో ప్రీ-వెడ్డింగ్ అని డ్రోన్ లేపేవాళ్లకూ ఇదే చెప్తున్నా, పురావస్తు శాఖ అనుమతి లేకుండా బ్యాగు జిప్ కూడా తీయకండి. నేను ఒకసారి కీర్తి తోరణాల దగ్గర తీయబోతే గార్డు రెండు గంటలు కూర్చోబెట్టాడు, పెళ్లికూతురు మేకప్ అంతా కరిగిపోయింది, ఆ పార్టీ మళ్లీ నాకు ఫోన్ చేయలేదు.

పత్తి చేను:
పరకాల సైడు మందు కొట్టే డ్రోన్ నడుపుతా, పది లీటర్ల ట్యాంకు. మాకు సర్టిఫికెట్, నంబరు, ఇన్సూరెన్స్ అన్నీ ఉండాలి, ఉన్నాయి కూడా. అయినా పోయిన సీజన్‌లో మిర్చి తోట మీద కొట్టి మలుపుకునేటప్పుడు డ్రోన్ పక్కింటి పెరడు మీదుగా పోయింది, అక్కడ తడికెల స్నానాల గది ఉందని నాకు తెల్వదు. నలుగురు కట్టెలు పట్టుకొని వచ్చారు. ముందు చూపు కెమెరా తప్ప కిందికి చూసేది లేదని స్క్రీన్ చూపిస్తే గానీ చల్లబడలేదు. అలాంటిది నిజంగా వీడియో తీసి ఉంటే న్యాయ సంహిత సెక్షన్ 77 (ఆడవాళ్లను దొంగచాటుగా చూడడం, తీయడం), మొదటిసారికే ఏడాది నుంచి మూడేళ్లు. మీవాడి ఫుటేజ్ డిలీట్ చేయొద్దని చెప్పు బావా, దేన్నీ దాచలేదని చూపించుకోవడానికి అదే పనికొస్తది.

పెళ్లి కెమెరా:
కరెక్ట్, నేను మర్చిపోయా. డిలీట్ చేస్తే సాక్ష్యం మాయం చేశాడని ఇంకో కేసు.

చౌరస్తా బావ:
అందరికీ దండాలు. సాయంత్రం స్టూడియోకు పోయి బ్యాగు తీస్తే రెండు బ్యాటరీలు మిగిలున్నాయి, పక్కనే ఉన్న కంసాలి త్రాసు మీద పెట్టాం. మామూలుది 80 గ్రాములు, పెద్దది 121. డ్రోన్‌లో ఏది వేశావురా అంటే చాలాసేపు నేల చూశాడు, తర్వాత "పెద్దదే" అన్నాడు. బాబాయి ఇంటికి ఇప్పుడే పోయొచ్చాం, ఆస్పత్రి ఖర్చు మేమే పెట్టుకుంటామన్నాం, ఆయన మంచోడు, పెళ్లి వీడియో మాత్రం పైసా తీసుకోకుండా ఇవ్వాలన్నాడు. రేపు పదింటికి స్టేషన్, వకీలును వెంటబెట్టుకొని పోతున్నాం.